ఒక్క మనిషి చాలు

“మీకు సమ్మతమేనా?” అని నోటరీ మూడోసారి అడిగింది. మూడోసారి కూడా పళ్లక్క తల అడ్డంగానే ఊగింది.

మన తలకాయ సంగతి మనకు తెలుసు. ఒప్పుకునేటప్పుడే అది కుడికీ ఎడమకీ హాయిగా ఊగుతుంది. పక్కన పెద్దవాళ్లుంటే ఇంకో రెండు ఊపులు ఎక్కువే ఊగుతుంది. కానీ ఆ దేశంలో అలా ఊగిన తలకి ఒకటే అర్థం, వద్దని. పళ్లక్కకు ఆ సంగతి తెలియక కాదు. ఆరేళ్లుగా అక్కడే, కట్టుడు పళ్లు చేసే ల్యాబులో పనిచేస్తోంది. మొదటి ఏడాది ఆవిడ తలతో వేగలేక సాటి పనివాళ్లు బొటనవేలు పైకెత్తి చూపించడం నేర్పారు. ల్యాబులో ఆ వేలితోనే రోజులు గడిచిపోయాయి. ఇక్కడ, ఇంత పెద్ద బల్ల ముందు, పేరంటానికి వచ్చినట్టు పట్టుచీర కట్టుకుని కూర్చుని, బొటనవేలు చూపిస్తే ఏం బాగుంటుందని తల మీద వదిలేసింది. తల తనకు తెలిసిన పని చేసింది.

నోటరీ కలానికి మూత పెట్టేసింది. అరవై దాటిన మనిషి. ముందు పన్నొకటి పక్కవాటికంటే ఒక మెట్టు తెల్లగా ఉంది. ఎవరు చేశారో గానీ రంగు సరిగ్గా చూసుకోలేదని వచ్చినప్పట్నుంచీ పళ్లక్కకు మనసులో పీకుతూనే ఉంది.

“ఈవిడ మూడుసార్లు కాదన్నారు. ఈ రోజు సంతకాలు లేవు” అంది నోటరీ.

పళ్లక్క పక్కన కూర్చున్న పెద్దన్నయ్య కుర్చీ అంచుకి వచ్చేశాడు. మావాళ్లు ఔననడం అలాగే ఉంటుందనీ, కావాలంటే తాను చెప్పి ఒప్పిస్తాననీ అక్కడి భాషలో గబగబా చెప్పాడు. నోటరీ ఆయన మాట మధ్యలోనే చెయ్యెత్తింది. ఈ పత్రంలో మీరూ ఒక పక్షం, మీరు ఆవిడ తరఫున మాట్లాడటానికి లేదు అంది. ఇంకోసారి కాగితం తిరగేసి చూసి, కళ్లజోడు మీదుగా పెద్దన్నయ్య వైపు చూసింది. శుక్రవారం పొద్దున్న పది గంటలకి రమ్మంది. ప్రమాణం చేసిన దుభాషి ఫోన్లో ఉంటాడంది. ఆవిడ ఒక్కర్తే లోపలికి రావాలంది.

పళ్లక్కకు పని భాష వచ్చు, కాగితం భాష రాదు. అయినా శుక్రవారం అన్న మాట అర్థమైంది. ఆసుపత్రిలో కంపెనీ కాగితం చూపించాల్సిన గడువు శుక్రవారం సాయంత్రం నాలుగింటికే.

పెద్దన్నయ్య కారు తీశాడు. ఆయన పళ్లక్కకు తోడబుట్టినవాడు కాదు. అక్కడున్న మనవాళ్లందరికీ ఆయన పెద్దన్నయ్యే. ముప్పైయేళ్ల కిందట వచ్చినవాడు, అక్కడి పౌరసత్వం ఉన్నవాడు, ఏ ఆఫీసులో ఏ కిటికీ ఎప్పుడు తెరుస్తారో తెలిసినవాడు.

“నిలువుగా ఊపమ్మా, నిలువుగా! ఎన్నిసార్లు చెప్పాను?”

“దానంతటదే ఊగింది అన్నయ్యా.”

“ఊగితే ఊగింది, నోటితో ఔననొచ్చుగా? నోట్లో నాలుక లేదా నీకు? ఊరందరికీ పళ్లు కడతావు, నీ నోరు మాత్రం పెగలదు.”

“డాక్టరుగారు శుక్రవారం నాలుగింటిలోపు అన్నారు. ఒక్క నిమిషం ఆలస్యమైనా ఆసుపత్రి పళ్ల పని యంత్రాల వాళ్లకి వెళ్లిపోతుందట.”

“తెలుసమ్మా. ఇంకా టైముందిగా. పదింటికి లోపలికెళ్లు. ఆ ఫోన్లోవాడు ఏం చదివినా సరే సరే అను. సంతకం పెట్టు. తర్వాత నన్ను పిలుస్తారు, నేనూ పెడతాను. విదేశీయులకి ఒంటరిగా కంపెనీ ఇవ్వరు, అదీ ఇక్కడి చట్టం. ఇక్కడివాడొకడు పక్కనుండాలి. నేనుంటున్నాను. అంతే. పేరుకే.”

పేరుకే అన్న మాట ఆయన ఇంతకుముందు మంగలితోనూ అన్నాడు, దర్జీతోనూ అన్నాడు, లారీలు తిప్పుకునే అతనితోనూ అన్నాడు. మనవాళ్ల దుకాణం ఏది చూసినా బోర్డు మీద ఆయన ఇంటిపేరే ఉంటుంది. పళ్లక్క రోజూ ఆ బోర్డుల కిందుగానే నడిచి పనికి వెళ్తుంది. అందులో తప్పుందని ఆవిడకు ఎప్పుడూ తోచలేదు. ఆ దేశంలో వానలాగా అదీ ఒకటి ఉంటుందనుకుంది.

*

పళ్లక్క భర్తకు బేకరీలో పని. తెల్లారకముందే వెళ్లి మధ్యాహ్నానికల్లా ఇంటికి చేరతాడు. కనుబొమల్లో పిండి ఇంకా అలాగే ఉంది. తల ఊగిన సంగతి విని పడీ పడీ నవ్వి, భార్య మొహం చూసి ఠక్కున ఆపాడు.

“పోనీలేవోయ్. శుక్రవారం ఇంకా రాలేదుగా.”

“మీకేం, మీరు నవ్వుతారు. నెలాఖరుకి ల్యాబు మూసేస్తున్నారు. దాన్ని కొన్నవాళ్ల దగ్గర యంత్రాలున్నాయి, వాళ్లకి చేతులక్కర్లేదు. ఈ పని పోతే నేను ఎక్కడో అట్టపెట్టెలు అంటించుకోవాలి.”

“ఇంతకీ ఆ కంపెనీని ఏమంటారన్నావు?”

“పరిమిత బాధ్యత సంస్థ.”

“అంటే?”

“అంటే, కంపెనీ మునిగితే కంపెనీ వరకే మునుగుతుందట. మన ఇంటి జోలికి రారట. మన బాధ్యత అంతవరకే.”

“ఈ ముక్క పెళ్లినాడు తెలిసుంటే ఎంత బాగుండేది! నేనూ పరిమిత బాధ్యతతోనే సంతకం పెట్టేవాణ్ణి.”

“మీది మొదట్నుంచీ పరిమితమేగా. అపరిమితమంతా నా నెత్తినే వేశారు.”

అలా అన్నదే గానీ నవ్వు రాలేదు. ఇంటి వెనక ఉన్న గ్యారేజీలోకి వెళ్లి నిలబడింది. భర్తే ఆదివారాలు కూర్చుని కోసి బిగించిన బల్ల అక్కడుంది. సుద్దనీళ్లు పోయి గొట్టం మూసుకుపోకుండా పంపు కింద అమర్చిన తొట్టి ఉంది. వేడిగాలి బయటికి లాగే ఫ్యాను ఉంది. ఎవరో అమ్మేస్తుంటే కొన్న మెరుగుపెట్టే మోటారు ఉంది, దాని కుడిపక్క మూత లేదు. మైనం కత్తులు రెండు బల్లమీద వరసగా పెట్టుకుంది, అప్పుడే పని మొదలైపోయినట్టు. ఆ కత్తుల్ని చూస్తే ఏడుపొచ్చింది.

పళ్లక్క గోడకున్న చిన్న అద్దంలో చూసుకుంటూ తల నిలువుగా ఊపడం సాధన చేసింది. పైకీ కిందికీ, పైకీ కిందికీ. పదోసారికి మెడ నొప్పి పట్టింది. వెనకనుంచి భర్త కాఫీ తెచ్చి, “తాగుతావా?” అన్నాడు. తల అడ్డంగా ఊగింది.

*

గురువారం ల్యాబులో ఆవిడ చేతిలో ఒక ముసలావిడ పై పలువరుస ఉంది. సుద్ద అచ్చు మీద గులాబీరంగు మైనం కట్టి, దీపం మంట మీద కత్తి వేడి చేసుకుంటూ ఒక్కొక్క పన్నూ కూర్చుతోంది. కత్తి మొన మైనానికి తగలగానే సన్నగా పొగ లేచి, పన్ను కూర్చోవడానికి మెత్తటి గుంట పడుతుంది. పన్ను పెట్టి, బొటనవేలితో ఒత్తి, ఒక ఊపిరి సేపు ఆగాలి. మైనం చల్లారి పన్నుని పట్టుకున్నాక అప్పుడు వేలు తియ్యాలి. ముందు తీస్తే పన్ను జారుతుంది, ఆలస్యమైతే వేలి వేడికి మైనం మళ్లీ కరుగుతుంది. ఆ ఊపిరి ఎంతసేపో ఎవరూ చెప్పలేరు, చేతికే తెలుస్తుంది.

ముసలావిడ వయసులో ఉన్నప్పటి ఫోటో ఒకటి బల్లమీద ఉంది. ఫోటోలో ఎడమవైపు రెండో పన్ను ముందు పన్ను మీదికి కాస్త వాలి ఉంది. పళ్లక్క ఆ పన్నుని అంతే వాల్చింది. పళ్లన్నీ పెరేడులో నిలబెట్టినట్టు పెడితే చూసేవాళ్లకి నోరు కనపడదు, దుకాణం కనపడుతుంది.

డాక్టరు మధ్యాహ్నం తనే వచ్చాడు. ఆయన ఆసుపత్రికి పళ్లన్నీ ఈ ల్యాబునుంచే వెళ్తాయి. మైనంలో ఉన్న వరసని వెలుతురులోకి తిప్పి చూసి, ఆ వాలిన పన్ను దగ్గర ఆగాడు.

“ఈ వంకర యంత్రం పెట్టదు” అన్నాడు.

పళ్లక్క బొటనవేలు చూపించింది.

“రేపు నాలుగింటికి. నాలుగు దాటితే మా కాంట్రాక్టులు చూసే అతను కాగితం మీద యంత్రాల వాళ్ల పేరు వేసేస్తాడు. తర్వాత నా చేతిలో ఏం ఉండదు. విడి మనిషికి పని ఇవ్వమంటే మా రూల్సు ఒప్పుకోవు. కంపెనీ నంబరు ఉండాలి.”

మళ్లీ బొటనవేలే చూపించింది. ఆయన వెళ్లాక చేతిలోని పన్ను కాసేపు అలాగే పట్టుకుని కూర్చుంది. పొద్దుటినుంచీ ఒకటి పంటి కింద రాయిలా తగులుతోంది. నోటరీ నిన్న కాగితం తిరగేశాక తన వంక చూడలేదు, పెద్దన్నయ్య వంక చూసింది. ఆవిడ ఒక్కర్తే రావాలన్నప్పుడు పెద్దన్నయ్య నవ్వాడు. కానీ ఆ నవ్వులో పై దవడా కింది దవడా కలవలేదు. మన దేశంలోనూ ఇక్కడా కలిపి ఇరవయ్యేళ్లుగా జనం నోళ్లు చూస్తున్న మనిషికి ఆ మాత్రం తెలియదా? నొప్పి ఒక పక్కనుంటే మనిషి రెండో పక్కతో కొరుకుతాడు.

‘ఛ, ఛ. వచ్చిన కొత్తలో మాకు ఇల్లు చూపించిన మనిషి’ అనుకుని కత్తి మళ్లీ మంటలో పెట్టింది.

*

శుక్రవారం పొద్దున్న పెద్దన్నయ్యే కారు తెచ్చాడు. నోటరీ ఆఫీసు వసారాలో గోడకానుకుని నాలుగు కుర్చీలున్నాయి. ఆయన ఒకదాంట్లో కూర్చుని, జేబులోంచి సంతకానికని ప్రత్యేకంగా తెచ్చుకున్న కలం తీసి పెట్టుకున్నాడు. “సరే సరే అను. అంతే” అని మళ్లీ చెప్పాడు.

లోపల బల్లమీద నోటరీకీ పళ్లక్కకీ నడుమ ఒక ఫోను ఉంది. అందులోంచి పెద్దవయసు మగగొంతు, స్వచ్ఛమైన తెలుగు వినిపించింది.

“నమస్కారమమ్మా. నేను దుభాషిని. ఆవిడ చెప్పింది చెప్పినట్టు మీకు చెబుతాను, మీరన్నది అన్నట్టు ఆవిడకి చెబుతాను. నా సొంత మాట ఒక్కటి కూడా ఉండదు. మీరు తుమ్మినా అనువదిస్తాను.”

పరాయి ఆఫీసులో అంత చక్కటి తెలుగు వినేసరికి పళ్లక్కకు సగం భయం పోయింది. కుర్చీలో కాస్త వెనక్కి జరిగి కూర్చుంది.

నోటరీ ఒక్కొక్క అంశమే చదువుతోంది. ఆవిడ ఆగగానే ఫోను అందుకుంటోంది. సంస్థ పేరు, అది పెద్దన్నయ్య ఇంటిపేరు. తెలిసిందే. చిరునామా, తమ గ్యారేజీ. తెలిసిందే. చేసే పని, కట్టుడు పళ్ల తయారీ. అదీ తెలిసిందే.

“మూలధనం వంద వాటాలుగా ఉంటుంది. అందులో అరవై వాటాలు మొదటి పక్షానివి. నలభై వాటాలు రెండో పక్షానివి” అంది ఫోను.

“మొదటి పక్షమంటే ఎవరండీ?”

“బయట కూర్చున్న పెద్దమనిషి అని చెబుతున్నారమ్మా.”

“మరి రెండో పక్షం?”

“మీరేనమ్మా.”

నోటరీ చదువుకుంటూ పోయింది. సంస్థకి మేనేజరు మొదటి పక్షం ఒక్కడే. సగానికి పైగా వాటాలున్నవాళ్లు ఒప్పుకుంటే తప్ప ఆయన్ని తియ్యడానికి లేదు. రెండో పక్షం సంస్థను వదిలి వెళ్లిపోతే, అయిదేళ్లపాటు ఇదే పని మరెక్కడా చెయ్యకూడదు.

పళ్లక్క తన చేతులు చూసుకుంది. కుడిచేతి బొటనవేలి కొస మైనం వేడికి ఎప్పుడూ ఎర్రగానే ఉంటుంది. అయిదేళ్లు ఈ చేతులు ఏం చెయ్యాలి? ముందు కోపం రాలేదు, సిగ్గేసింది. చదవమని ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది. ఆ తర్వాత కోపం వచ్చింది, చెవులు వేడెక్కేంత కోపం.

“ఈ సంగతులు మీకు ముందే తెలుసా?” అని నోటరీ అడిగింది.

“తెలీదండీ.”

“అడగలేదా?”

“అడగలేదండీ.”

“ఎందుకని?”

పళ్లక్క నిజమే చెప్పింది.

“మొహమాటం.”

దుభాషి అక్కడి భాషలో మొదలుపెట్టాడు. ఒక వాక్యం చెప్పాడు, కాదు కాదని దాన్ని దిద్దాడు, ఇంకో మూడు చెప్పాడు. నోటరీ ఫోను వంక అనుమానంగా చూసింది. ఆవిడన్నది ఒక్క మాట, నువ్వు ఇంతసేపేం చెబుతున్నావని ఆవిడ మొహంలోనే ఉంది.

“ఈ మాటకి వాళ్ల భాషలో మాట లేదమ్మా. విడమరిచి చెబుతున్నాను” అన్నాడు ఆయన.

“అంటే, భయమా?” అని అడిగింది నోటరీ.

“కాదండీ.”

“ఆయన మిమ్మల్ని బెదిరించాడా?”

“అయ్యో, లేదండీ. మేం వచ్చిన కొత్తలో ఇల్లు చూపించాడు.”

“అయితే గౌరవమా?”

“కొంచెం.”

“మిగతాది?”

“ఎదుటి మనిషి ఎక్కడ చిన్నబుచ్చుకుంటాడోనని, ముందే మనం చిన్నబోయి కూర్చోవడమండీ.”

“ఊరికే అన్నారా అమ్మా, మొహమాటానికి పోతే కడుపయిందని!” అంది ఫోను. అన్న మరుక్షణమే గొంతు మారిపోయింది. “క్షమించాలి. అది నా సొంత మాట. ప్రమాణం చేశాను కనక ఇప్పుడు దాన్ని కూడా ఆవిడకి అనువదించాలి.”

ఆ పెద్దమనిషి బితుకుబితుకుమంటూ అనువదించాడు. నోటరీ మొదట అర్థంకాక కనుబొమలు ముడిచింది. తర్వాత ఆ తెల్లటి పన్ను కనబడేలా పకపకా నవ్వింది. పళ్లక్క కూడా నవ్వింది. ఫోన్లో ఆయన నవ్వాడో లేదో తెలీదు, ఆయనకి నవ్వే అధికారం లేదు.

నవ్వు తుడుచుకుని నోటరీ అంది, “నేనీ కుర్చీలో ఇరవై ఆరేళ్లుగా ఉన్నాను. బలవంతం, మోసం, మతిమరుపు, అన్నిటికీ మా చట్టంలో గడులున్నాయి. మీరు చెప్పినదానికి లేదు. కనక నేను వేరేగా అడుగుతాను. ఈ మనిషిని మీరు ఎందుకు తెచ్చుకున్నారు?”

“విదేశీయులకి ఒంటరిగా కంపెనీ ఇవ్వరటగా? అందుకని.”

నోటరీ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది. చాలా చిన్న వాక్యం చెప్పింది. ఫోను దాన్ని అందించింది, నిబంధనలు ఒప్పుకునేదానికన్నా కాస్త గట్టిగానే.

“ఒక్క మనిషి చాలు, అంటున్నారమ్మా.”

నోటరీ వేళ్లు మడుస్తూ లెక్క చెప్పింది.

“పుట్టిన దేశం మా చట్టం అడగదు. పాసుపోర్టు, ఇక్కడ ఉండి పనిచేసుకునే అనుమతి, ఒక చిరునామా, చెయ్యబోయే పని. నాలుగూ మీ ఫైల్లోనే ఉన్నాయి. పాతికేళ్ల కిందట వేరే నియమం ఉండేది. ఇప్పుడు లేదు. ఇప్పుడు చెప్పండి, మీకేం కావాలి?”

ఆరేళ్లలో ఆవిడ చాలా కిటికీల ముందు నిలబడింది. ఏం తెచ్చారని అడిగారు, ఏం తేలేదని అడిగారు. ఏం కావాలని మాత్రం ఎవరూ అడగలేదు. నోట్లో వేలు పెట్టినా కొరకలేని మనిషని ల్యాబులో, ఇంట్లో, ఊళ్లో అందరూ అనుకునే పళ్లక్క, బల్లమీదికి వంగి ఫోనుకి దగ్గరగా చెప్పింది.

“నాకొక్కదానికే కావాలండీ. వందకి వంద.”

దుభాషి దాన్ని రెండే మాటల్లో చెప్పాడు. ఈసారి వెతుక్కోలేదు.

ఒక్క మనిషి సంస్థకి కాగితాలు తక్కువ. నోటరీ గుమాస్తా అక్కడే కొత్తది తయారుచేసింది. ఏ వాటా ఎవరిదో విడదియ్యక్కర్లేదు, ఎవరు ఎవర్ని తీసెయ్యాలో రాయక్కర్లేదు. నాలుగు పేజీలయింది, పాతది పదకొండు. సంస్థ పేరు అనే గడి దగ్గర గుమాస్తా చెయ్యి ఆగింది. పేరు ఇప్పుడే కావాలంది.

పళ్లక్క దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. ఆలోచించే అవకాశం ఎక్కడ వచ్చిందని? తన పేరు పెట్టుకోవాలంటే సిగ్గుగా ఉంది. భర్త పేరు పెడితే ఆయన జన్మంతా దెప్పుతాడు.

“ముప్పైరెండు” అంది.

“అది అంకెనా, పేరా అని అడుగుతున్నారమ్మా.”

“పేరేనండీ. అక్షరాల్లోనే రాయమనండి, మన మాటే. నిండు నోట్లో ఉండాల్సినన్ని.”

దుభాషి ఒక్కొక్క అక్షరమే చెబుతుంటే గుమాస్తా టైపు చేసింది. కంప్యూటరు కాసేపు వెతికింది. ఆ దేశంలో వేల కంపెనీలున్నాయి గానీ ఆ పేరుతో ఒక్కటీ లేదు. గుమాస్తా మెచ్చుకోలుగా తల నిలువుగా ఊపింది.

మళ్లీ మొదట్నుంచీ చదివారు. చదవడం పూర్తయ్యాక నోటరీ కలం మూత తీసి, మామూలు ప్రశ్న వేసింది, సమ్మతమేనా అని. పళ్లక్క తలని నమ్మలేదు. దవడ కింద అరచెయ్యి పెట్టి కదలకుండా పట్టుకుని, నోటితో, అక్కడి భాషలో, వసారాదాకా వినబడేలా చెప్పింది, “ఔను.”

సంతకం పెట్టింది. పన్నెండు దాటి పది నిమిషాలకి రిజిస్ట్రేషన్ నంబరున్న రసీదు ప్రింటరులోంచి వెచ్చగా బయటికొచ్చింది. ఆ కాగితం అంచులు పట్టుకుని, ఇంకా చల్లారని మైనాన్ని పట్టుకున్నట్టు, కాసేపు అలాగే నిలబడింది.

“ఇక సెలవమ్మా” అంది ఫోను. ఊరుకోలేక, “ఇది కూడా నా సొంత మాటే. చాలా సంతోషంగా ఉంది” అంది. నోటరీ కోసం దాన్నీ అనువదించింది.

*

పళ్లక్క బయటికి రాగానే పెద్దన్నయ్య కలం మూత తీస్తూ లేచాడు.

“రెండు గంటలు పట్టిందేమమ్మా? సరే అన్నావుగా? నన్ను రమ్మన్నారా?”

“రమ్మనలేదు అన్నయ్యా. అయిపోయింది.”

“అయిపోవడమేంటి, నా సంతకం లేకుండా?”

“ఒక్క మనిషి చాలట. ఒక్కదాన్నే పెట్టేశాను.”

ఆయన రసీదు అందుకున్నాడు. చదివాడు, తిప్పి వెనకవైపు ఖాళీగా ఉన్న పుట కూడా చూశాడు. మొహం వాడిపోయింది. ఆ మొహం చూడగానే పళ్లక్కకు అలవాటు కొద్దీ ప్రాణం ఉసూరుమంది. పోనీ ఓ పాతిక వాటాలు మీ పేర రాయిస్తాను అన్నయ్యా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. పంటి బిగువున ఆపుకుంది. రసీదు వెనక్కి తీసుకుని సంచిలో పెట్టుకుంది.

ఆయన కలం జేబులో పెట్టుకున్నాడు. “సరే పద, ఇంటి దగ్గర దింపుతాను” అన్నాడు.

“ఇంటికి కాదన్నయ్యా. డాక్టరుగారి ఆసుపత్రికి పోనివ్వండి.”

అన్నాక గానీ ఆ మాట డ్రైవరుతో అన్నట్టు వినబడిందని ఆవిడకు తెలియలేదు. దిద్దుకోబోయి, ఎందుకులే అని ఊరుకుంది.

కారు రెండు వీధులు దాటింది. వానపడి తేరుకున్న రోడ్డు తళతళలాడుతోంది. దర్జీ దుకాణం ముందు సిగ్నల్ పడింది. బోర్డు మీద పెద్దన్నయ్య ఇంటిపేరు, దాని కింద అద్దంలో, సూదిలోకి దారం ఎక్కిస్తూ వంగిన దర్జీ నడినెత్తి.

“అరవై ఎందుకన్నయ్యా?” అని అడిగింది.

“మా రోజుల్లో చట్టం అలాగే ఉండేదమ్మా. నీకు తెలీదు.”

“ఉండే ఉంటుంది. చట్టం మారిందిగా. నేనడిగేది అరవై ఎందుకని. అయిదేళ్లు నేను పని మానుకోవడం కూడా పేరుకేనా?”

ఆయన స్టీరింగు మీద వేళ్లు సర్దుకున్నాడు. పచ్చలైటు పడింది. వెనకవాడు హారన్ కొట్టాడు.

“దర్జీకి చెబుతావా?” అన్నాడు కారు కదిలాక.

“అడిగితే చెబుతాను.”

“అడక్కపోతే?”

“అడక్కపోయినా చెబుతాను అన్నయ్యా.”

కిటికీ అద్దం దించింది. గాలి చల్లగా మొహానికి కొట్టింది. లోపలినుంచి సంతోషం పొంగుకొస్తోంది, పాలు పొంగినట్టు, మూతపెట్టినా ఆగేలా లేదు. ఆవిడ ఆపాలని కూడా చూడలేదు. తనలో తను నవ్వుకుంటూ, రోడ్డుపక్కన పోయేవాళ్ల నోళ్లన్నీ చూసుకుంటూ కూర్చుంది.

ఆసుపత్రి మెట్ల దగ్గర ఆయన కారు ఆపాడు. ఆపి వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు. ముప్పైయేళ్లుగా మనవాళ్ల వెంట ఆఫీసుల్లోకి నడిచిన కాళ్లు, వాటంతటవే దిగి వెంట వచ్చాయి. కాంట్రాక్టులు చూసే అతని గది మొదటి అంతస్తులో ఉంది. అతను పళ్లక్కని ఎప్పుడూ చూడలేదు. గోడ గడియారం పావు తక్కువ ఒంటిగంట చూపిస్తోంది. బల్లమీద రెండు కాగితాలు సిద్ధంగా ఉన్నాయి, ఒకదాని మీద యంత్రాల కంపెనీ పేరు అప్పటికే అచ్చయి ఉంది.

పళ్లక్క రసీదు అందించింది. అతను నంబరు సరిచూసుకుని, అచ్చయిన కాగితాన్ని సొరుగులో పడేసి, రెండోది తీశాడు. తలెత్తి, కోటు వేసుకుని నిలబడ్డ పెద్దన్నయ్య వైపు చెయ్యి చాచాడు.

“కంపెనీ యజమాని మీరేనా?”

పెద్దన్నయ్య చెయ్యి సగం దాకా లేచింది. అక్కడే ఆగింది. ఆయన పళ్లక్క వైపు చూశాడు.

అంతకుముందు వారం వరకూ ఉన్న పళ్లక్కయితే ఈపాటికి అందుకునేది. మా పెద్దన్నయ్య అండీ, ఆయన దయవల్లే అండీ అని ఏదో ఒకటి అని ఆయన్ని గట్టున పడేసేది. ఈసారి ఏమీ అనలేదు. కోపంతో కాదు. ఆ జవాబు ఆయనే చెప్పాలి, అంతే.

పెద్దన్నయ్య చెయ్యి దించేసుకున్నాడు.

“నేను కాదు. కంపెనీ ఈవిడది” అన్నాడు అక్కడి భాషలో, మెల్లిగా. “నేను దింపడానికొచ్చాను.”

కాంట్రాక్టుల అతను లేచి, బల్ల ముందున్న కుర్చీని పళ్లక్క వైపు తిప్పాడు.